క్లారెండన్ ముద్రాక్షరం - స్వరూపం, ప్రయోజనం

ముద్రిత గ్రంథంలో అక్షరస్థౌల్యం అలంకారమాత్రం కాదు. అర్థవివేచనకు సాధనం కూడా. ఇందుకు క్లారెండన్ అనే ఆంగ్ల ముద్రాక్షరం చక్కని నిదర్శనం. 1845లో లండన్‌లోని ఫాన్ స్ట్రీట్ ఫౌండ్రీలో రాబర్ట్ బెస్లీ ఆధ్వర్యంలో బెంజమిన్ ఫాక్స్ దీనిని చెక్కాడు. చట్టరీత్యా దీనికి లభించిన రక్షణ మూడేండ్లే. తదుపరి ఇతర ఫౌండ్రీలు అనుకరణలను వెలువరించాయి.

ఇందులో నిలువుగీతలు బలిష్ఠాలు. లావుగీతలకూ సన్నగీతలకూ తారతమ్యం స్వల్పం. రేఖాగ్రాలలోని సెరిఫ్‌లనే అడ్డుగీతలు దళసరిగా ఉండి, నిలువుగీతతో వంపుగా కలుస్తాయి.

అంతకుముందు లావైన అక్షరాలు ప్రధానంగా ప్రకటనపత్రాలకు వినియోగపడేవి. క్లారెండన్ సాధారణాక్షరాల సరసన, ఒకే పంక్తిలో ఇమిడేటట్లు రూపొందింది. కనుకనే నిఘంటుకర్తలు దీనిని ఆదరించారు. 1884లో తొలిభాగం వెలువడిన ఆక్స్‌ఫర్డ్ ఆంగ్ల నిఘంటువులో ఆరోపాలు ఈ తరహా అక్షరాలలోనే అచ్చయినాయి.

ఆంగ్లంలో వలె పెద్దబడి, చిన్నబడి భేదం తెలుగులిపికి లేదు. అందుచేత మూలాన్నీ టీకనూ వేరుపరచే భారం అక్షరాల స్థౌల్యంపైన, పరిమాణంపైన అధికంగా పడుతుంది. అయితే ఉన్న అక్షరాన్నే యాంత్రికంగా లావు చేస్తే లోపలి ఖాళీలు పూడుకుపోతాయి. థకారంలోని చుక్క కనుమరుగైతే 'అర్థము' 'అర్ధము'గా భ్రమింపజేస్తుంది. ఒత్తురూపంలో ఆ చుక్క మరింత సూక్ష్మం కనుక ప్రమాదమూ అధికమే.

కావున స్థూలాక్షరాన్ని ప్రత్యేకంగా రచించుకోవాలి. గీతకు బలమిస్తూనే అంతరాన్ని కాపాడడం అందులోని కీలకం. శాస్త్రగ్రంథ పరిష్కర్తలు పాఠశుద్ధితోపాటు అక్షరశుద్ధినీ పరీక్షించడం ఆవశ్యకం.