అటక మీది టెలివిజను

పిల్లలూ! ఎల్లారెడ్డిలో తెలిసినవారి ఇంట, అటక మీద పాత టెలివిజను పెట్టె ఉన్నదని విని, కామారెడ్డిలో బస్సెక్కి వెళ్ళాను. అది హైదరాబాదు ఇ.సి.ఐ.ఎల్. వారు చేసిన నలుపు తెలుపు ‘ఇ.సి.’ టీవీ, చెక్క పెట్టె, ముందు జరుపుడు తలుపులు. హైదరాబాదు దూరదర్శన్ 1977లో మొదలయినది గదా, ఆ కాలపు ముచ్చట!

“ప్లగ్గు పెట్టి చూడుండ్రి, సార్!” అన్నాడు ఇంటాయన.

“వద్దు, వద్దు!” అన్నాను.

ఎందుకో తెలుసా? ఏళ్ళ తరబడి మూలనపడిన పెట్టెలో కెపాసిటర్లు చెడిపోయి ఉండవచ్చు. ఒక్కసారిగా కరెంటు ఇస్తే అవి పగలవచ్చు, ట్రాన్స్‌ఫార్మరు కాలిపోవచ్చు. మెకానిక్కు ముందు వాటిని పరీక్షించి, చెడినవి మార్చి, ఆ పైన కరెంటు కొద్దికొద్దిగా పెంచుతాడు.

నేను చూసినదల్లా పిక్చర్ ట్యూబు. దాని లోపల గాలి ఉండదు. సన్నని మెడలోంచి ఎలక్ట్రానులు దూసుకువచ్చి, తెర మీద సెకనుకు 25 బొమ్మలు గీస్తాయి. ఒక్కొక్క బొమ్మకు 625 గీతలు! మెడ విరిగితే గాలి చొరబడి ట్యూబు పనికిరాదు. కొత్తది దొరకడం కష్టం. అదృష్టవశాత్తు మెడ బాగానే ఉన్నది, కొన్నాను.

మీరు మాత్రం అటువంటి పెట్టె వెనుక మూత విప్పకండి. ట్యూబుకు 10,000 వోల్టులకు పైగా కావాలి. టీవీ ఆపివేసినా ఆ విద్యుత్తు కొంతసేపు అందులో నిలిచే ఉంటుంది.

తిరుగు బస్సులో పెట్టెను దుప్పటిలో చుట్టి పక్క సీటులో కూర్చోబెట్టాను. కండక్టరు దానికీ టిక్కెట్టు కొట్టాడు!