పిల్లికి పచ్చి మాంసము పెట్టు ఇండ్లలో పాటింపవలసిన పరిశుభ్రత

ఇంటిలో పిల్లిని పెంచుట మన ప్రజలకు క్రొత్త విషయము కాదు. ఎలుకల బాధ తొలగుననియు, పిల్లలకు ముద్దుగా ఉండుననియు అనేకులు దానిని చేరదీయుదురు. పూర్వము పిల్లికి పాలన్నమో, చేప తలకాయో వేసి ఊరకుండెడివారు. ఇటీవల పట్టణములలో కొందఱు, పిల్లి స్వభావముచేత మాంసాహారి గనుక పచ్చి మాంసమే దానికి తగినదని తలచి, కోడి మాంసమును, కార్జమును, కందనకాయను పచ్చిగానే పెట్టుచున్నారు. పిల్లి మాంసాహారి యను మాట సత్యమే. కాని పొలములో ఎలుకను పట్టి తిను పిల్లికిని, మన వంటయింటి నేలపై అంగడి మాంసము తిను పిల్లికిని భేదము కలదు. పొలములో మిగిలిన రక్తమును కడుగవలసిన పని యెవరికిని లేదు. ఇంటిలో ఆ పని మనదే.

జంషెడ్‌పూరు నగరమును ఉదాహరణముగా తీసికొందము. అచ్చటి ఉక్కు కర్మాగారములో పనికై శ్రీకాకుళము, విజయనగరము మున్నగు ప్రాంతములనుండి వెళ్ళిన తెలుగు కుటుంబములు కద్మా, సోనారి మొదలగు పేటలలో తరతరములుగా నివసించుచున్నవి. ఇట్టి పారిశ్రామిక నగరములలో క్వార్టరులు చిన్నవి. వంటయిల్లు, పెరటి కుళాయి, గిన్నెలు తోము చోటు, చంటిబిడ్డ ప్రాకు నేల ఇవన్నియు నాలుగడుగుల దూరములోనే యుండును. బిష్టుపూరు బజారులోనో, సాక్చి బజారులోనో కొని తెచ్చిన మాంసము పిల్లి కడుపులో పడులోపల ఈ చోట్లన్నిటిని తాకుటకు అవకాశము కలదు. మే నెలలో అచ్చటి ఎండ 40 డిగ్రీల సెంటీగ్రేడునకు మించుట వాడుక. అట్టి వేడిలో మాంసము త్వరగా చెడును. వానకాలములో ఈగలు పెరుగును. కావున ఈ విషయమున అచ్చటివారును, వారివలె ఇఱుకు ఇండ్లలో నివసించు ఇతర ప్రాంతములవారును అధికమైన జాగ్రత్త వహింపవలెను.

మురికి ఎచ్చట పుట్టును?

మాంసమును సంచిలో తెచ్చునపుడు దాని నీరు కారి సంచికిని, అందలి కూరగాయలకును అంటును. ఇంటికి వచ్చిన తరువాత దానిని కుళాయి క్రింద పెట్టి కడుగుట మనకు అలవాటు. ధారగా పడు నీటివలన సూక్ష్మమైన తుంపరలు లేచి గట్టుమీదను, ప్రక్కనున్న గిన్నెలమీదను పడును. పిమ్మట కత్తిపీటపై ముక్కలు కోసి, అదే కత్తిపీటపై ఉల్లిపాయలో, కొత్తిమీరయో తరుగుదురు. చివరకు పిల్లికి పెద్ద ముక్క వేయుదురు. పిల్లి తన ఆహారమును నోట కఱచుకొని ఎవ్వరును లేని మూలకు ఈడ్చుకొనిపోవుట దాని జన్మస్వభావము. ఆ మూల మంచము క్రిందనో, చాపమీదనో, బట్టల మూటలోనో యుండవచ్చును. ఎండిన రక్తపు చారను రెండు దినముల తరువాతగాని ఎవ్వరును చూడరు. కనులు మూసికొని పాలు త్రాగు పిల్లి తన్నెవరును చూచుట లేదని తలచునట. మనము కనులు మూసికొన్నంతమాత్రమున సూక్ష్మక్రిములు మాయము కావు.

దీనివలన కలుగు అపాయమేమి?

పచ్చి కోడి మాంసములో సాల్మొనెల్లా, కాంపైలోబాక్టరు అను సూక్ష్మక్రిములు తఱచుగా ఉండును. 5 డిగ్రీలనుండి 60 డిగ్రీలవఱకు గల వేడిలో ఇట్టి క్రిములు వృద్ధియగును. అనుకూలమైన వేడిలో కొన్ని జాతులు సుమారు 20 నిమిషములలో రెట్టింపగును. పిల్లికి ఏ జబ్బును కనబడకపోయినను, దాని నోటినుండి, మలమునుండి ఇంటివారికి ఇవి సోకవచ్చును. పెద్దలకు రెండు మూడు దినములు విరేచనములు, జ్వరము వచ్చి తగ్గవచ్చును. కాని అయిదేండ్లలోపు బిడ్డలకును, గర్భిణీస్త్రీలకును, వృద్ధులకును, రోగనిరోధకశక్తి తగ్గినవారికిని ఇది ప్రాణాపాయముగా పరిణమింపవచ్చును.

రెండవది బర్డ్ ఫ్లూ అను పక్షుల రోగము. ఇది పిల్లిజాతికి అత్యంత ప్రమాదకరము. 2023వ సంవత్సరమున పోలండు దేశములో ఇరువదికి పైగా పిల్లులకు ఈ రోగము సోకినట్లు పరీక్షలలో తేలెను. పచ్చి కోడి మాంసము దానికి కారణమై యుండవచ్చునని అనుమానింపబడినది. మన దేశములో 2024వ సంవత్సరాంతమున నాగపూరులోని గోరేవాడ కేంద్రమున మూడు పులులును, ఒక చిఱుతయు మరణింపగా, ఈ రోగమే కారణమని నిర్ధారణ యయ్యెను. 2025వ సంవత్సర ప్రారంభమున మధ్యప్రదేశములోని ఛింద్వారాలో పెంపుడు పిల్లులకును ఇది సోకినట్లు వెల్లడియైనది. జార్ఖండు రాష్ట్రమునకును ఈ రోగము క్రొత్తది కాదు. 2023 ఫిబ్రవరిలో బొకారో జిల్లాలోను, 2024 ఏప్రిలులో రాంచీలోను ప్రభుత్వ కోళ్ళ క్షేత్రములలో ఇది కనబడినది. ఈ రోగము మనుష్యులకు సోకుట అరుదు. సోకినచో తీవ్రముగా నుండవచ్చును.

ఉడికించి పెట్టుటయే ఉత్తమము

పైన చెప్పిన అపాయములనుండి తప్పించుకొనుటకు సులభమైన మార్గము మాంసమును ఉడికించి పెట్టుట. ముక్క లోపలి భాగము 74 డిగ్రీల సెంటీగ్రేడు వేడికి చేరినచో సాల్మొనెల్లాయు, బర్డ్ ఫ్లూ క్రిమియు నశించును. మంచుపెట్టెలో గడ్డ కట్టించినంత మాత్రమున ఈ క్రిములు చావవు. అవి నిద్రించి, మంచు కరగగనే తిరిగి లేచును.

ఉడికించునపుడు ఉప్పు, కారము, మసాలాలు వేయరాదు. ఉల్లి, వెల్లుల్లి పిల్లికి విషతుల్యములు. ఉడికిన ఎముక సూదివలె చీలి గొంతులోను ప్రేగులలోను గ్రుచ్చుకొనును గనుక ఎముకలు తీసివేయవలెను. పిల్లికి అవసరమైన టారిన్ అను పదార్థము ఉడికించిన నీటిలోనికి కొంత దిగును. అది లోపించిన పిల్లికి చూపును, గుండెయు చెడును. కావున ఆ నీటిని పాఱబోయక ముక్కలతోపాటే పెట్టవలెను. ఎముక లేని మాంసములో సున్నపు ధాతువు చాలినంత ఉండదు. ఇట్టి లోపములు పూరించు విధమును పశువైద్యుని అడిగి తెలిసికొనుట మంచిది.

పచ్చిగానే పెట్టువారు పాటింపవలసిన నియమములు

ఎవరైనను పచ్చి మాంసమునే పెట్టదలచినచో, మురికి ఇల్లంతయు ప్రాకకుండ దానిని ఒక్క చోటనే నిలుపవలెను. ఈ నియమములన్నిటి సారము అదియే.

మొదటిది: బజారులో మాంసమును చివర కొనవలెను. మూతగల స్టీలు డబ్బాలో వేఱుగా తేవలెను. జబ్బుపడిన కోడి మాంసమును, చచ్చిన కోడి మాంసమును చౌకగా దొరకినను కొనరాదు.

రెండవది: మంచు కరగించుటకు మాంసమును గట్టుమీద ఉంచరాదు. మూతగల గిన్నెలో ఫ్రిజ్ క్రింది అరలో ఉంచవలెను. అప్పుడు దాని నీరు ఇతర ఆహారముపై పడదు.

మూడవది: కుళాయి ధార క్రింద మాంసము కడుగరాదు. పిల్లి మాంసమునకు ఒక కత్తియు, ఒక పలకయు ప్రత్యేకముగా ఉంచవలెను. ఇంటి కత్తిపీటను అందుకు వాడరాదు.

నాలుగవది: ముక్కలు చిన్నవిగా, ఒక్కొక్కటి ఒక్క నోటికి సరిపోవునట్లు కోయవలెను. పళ్ళెములోనే తినదగిన ముక్కను పిల్లి ఈడ్చుకొనిపోదు. చేతితో అందించుట మానవలెను. మాంసము చూచిన ఆత్రములో గోరో, పన్నో తగులవచ్చును. తగిలినచో గాయమును సబ్బుతోను, పాఱు నీటితోను 15 నిమిషములు కడిగి వెంటనే వైద్యుని చూడవలెను. పిచ్చికుక్క కాటువలన వచ్చు రేబిస్ వ్యాధి పిల్లివలనను వచ్చును.

అయిదవది: ప్రతిదినము ఒకే చోట, ఒకే వేళకు పెట్టవలెను. నున్నని నేలగల స్నానపు గదియో, వరండా మూలయో ఇందుకు తగును. అంచుగల పెద్ద పళ్ళెరములో పిల్లి గిన్నె నుంచి, తినునంతవఱకు తలుపు మూయవలెను. 20, 30 నిమిషములలో తినక మిగిలినదానిని తీసివేయవలెను. దానిని కాగితములో చుట్టి, మూతగల చెత్తబుట్టలో వేయవలెను. మురుగుకాలువలో పడవైచిన మాంసమునకు కుక్కలు, కాకులు, ఎలుకలు చేరును.

శుభ్రపఱచు క్రమము

శుభ్రపఱచుటలో క్రమము ముఖ్యము. ముందుగా పాత కాగితముతో రక్తమును తుడిచి పాఱవేయవలెను. తరువాత చల్లని నీటితో కడుగవలెను. వేడినీరు మొదటనే పోసినచో రక్తము గట్టిపడి అంటుకొనును. పిమ్మట సబ్బుతో రుద్ది కడుగవలెను. మురికి పోయిన తరువాతనే క్రిమిసంహారకము వాడవలెను. మురికిమీద పోసిన మందు వ్యర్థము. ఇండ్లలో వాడు బ్లీచు ద్రవమును 4 లీటర్ల నీటికి ఒక పెద్ద చెంచా, అనగా 15 మిల్లీలీటర్లు, కలిపి, ఆ చోటును తడిపి, కొన్ని నిమిషములు ఉంచి, మంచినీటితో కడిగి ఆరబెట్టవలెను. బ్లీచును ఆమ్లముతో గాని, మరుగుదొడ్డి శుభ్రపఱచు ద్రవములతో గాని ఎన్నడును కలుపరాదు. విషవాయువు పుట్టును.

ఇచ్చట ముఖ్యమైన హెచ్చరిక యొకటి కలదు. మన ఇండ్లలో నేల తుడుచుటకు ఫినాయిలు వాడుట పరిపాటి. ఫినాలు జాతి పదార్థములను విఱిచి బయటకు పంపు శక్తి పిల్లి కాలేయమునకు చాల తక్కువ. ఫినాయిలు తడిపై నడచిన పిల్లి తన కాళ్ళు నాకుకొన్నచో ఆ విషము కడుపులోనికి పోవును. కావున పిల్లి తిను చోటను, తిరుగు చోటను ఫినాయిలు వాడరాదు.

అన్ని పనులు ముగిసిన తరువాత చేతులను సబ్బుతో కనీసము 20 సెకనులు రుద్ది కడుగవలెను. తుడిచిన గుడ్డను వేడినీటిలో ఉడికించి ఎండలో ఆరవేయవలెను.

గర్భిణీస్త్రీలున్న ఇండ్లలో

పచ్చి మాంసమువలన పిల్లికి టాక్సోప్లాస్మా అను పరాన్నజీవి సోకవచ్చును. క్రొత్తగా సోకిన పిల్లి కొన్ని వారములపాటు మలములో దీనిని విడుచును. గర్భవతికి మొదటిసారి సోకినచో గర్భములోని శిశువు కండ్లకును, మెదడునకును హాని కలుగవచ్చును. అట్లని గర్భవతి యున్న ఇంటినుండి పిల్లిని తఱిమివేయవలసిన పని లేదు. మలములో వచ్చిన గ్రుడ్లు వెంటనే అంటవు. అంటు శక్తి వచ్చుటకు 1 నుండి 5 దినములు పట్టును. కనుక ఇసుకపెట్టెను ప్రతిదినము ఖాళీ చేసినచో అపాయము చాలవఱకు తప్పును. ఆ పనిని గర్భవతి గాక ఇంటిలో వేఱొకరు చేయవలెను. బ్లీచు ఈ గ్రుడ్లను చంపలేదు. పెట్టెను సలసల కాగు నీటితో కడుగవలెను. మనుష్యులకు ఈ పరాన్నజీవి సరిగా ఉడుకని మాంసమువలనను, మట్టి అంటిన కూరగాయలవలనను కూడ వచ్చునని మఱువరాదు.

జబ్బు కనబడినపుడు

ఇంటిలో ఎవరికైనను వాంతులు, విరేచనములు, జ్వరము కలిగినచో ఓ.ఆర్.ఎస్. ద్రావణము త్రాగించి వైద్యుని చూడవలెను. ఇంటిలో పిల్లికి పచ్చి మాంసము పెట్టుచున్నామని వైద్యునితో దాపఱికము లేక చెప్పవలెను. పిల్లి మందగించి, ఆయాసపడి, తూలి పడుచున్నచో దానిని ఒట్టి చేతులతో ముట్టక పశువైద్యునికి తెలుపవలెను. కాకులో, కోళ్ళో గుంపుగా చచ్చిపడినచో పశుసంవర్ధక శాఖవారికి వెంటనే తెలియజేయవలెను.

నోరులేని జీవమును పోషించుట పుణ్యకార్యము. దానికి పెట్టు తిండి ఇంటిలోని పసిబిడ్డకు రోగము తేకుండ చూచుట గృహస్థుని ధర్మము. ఉడికించిన మాంసము, ఒక్క పళ్ళెము, ఒక్క చోటు, కడిగిన చేతులు. ఈ నాలుగింటితో రెండును నెఱవేఱును.