అతిసూక్ష్మ రేణువులు - ఆహారపు పంటలు

ఒక మీటరును నూరు కోట్ల భాగములు చేసినచో అందొక భాగమునకు నానోమీటరు అని పేరు. మనుష్యుని తలవెండ్రుక మందము ఇంచుమించు ఎనుబది వేల నానోమీటర్లుండును. 1 మొదలు 100 నానోమీటర్ల వరకు పరిమాణముగల రేణువులను నేడు కర్మాగారములలో తయారుచేయుచున్నారు. ఎండనుండి చర్మమును కాపాడు లేపనములలోను, రంగులలోను, డీజిలులో కలుపు పదార్థములలోను ఇవి ఉన్నవి. ఇప్పుడు ఎరువుల రూపమున చేలలోనికిని వచ్చినవి. చేనికి వచ్చినది కంచము వరకు రావచ్చును. కనుక ఇవి పైరును ఏమి చేయునో, గింజలో ఎంతవరకు చేరునో తెలియుట రైతులకే గాక భోజనము చేయు ప్రతివారికిని అవసరము.

రేణువు చిన్నదగుకొలది దాని నడవడి మారును. బెల్లపు దిమ్మ నీటిలో నెమ్మదిగా కరగును. అదే బెల్లమును పొడిచేసి వేసినచో త్వరగా కరగిపోవును. బెల్లము మారలేదు, నీటికి తగులు పైభాగము మాత్రము పెరిగినది. జింకు వంటి లోహముల పొడిని ఈ పరిమాణమునకు తెచ్చినపుడును ఇట్లే జరుగును. మేలు చేయు శక్తియు, కీడు చేయు శక్తియు అక్కడినుండియే పుట్టుచున్నవి.

మన దేశములో చాల భూములలో జింకు కొరతగా నున్నది. భూమిలోని కొరత గింజలోనికి, గింజలోని కొరత పిల్లల యెదుగుదలలోనికి వచ్చును. బిడ్డలకు విరేచనములు పట్టుకొన్నపుడు ఓ.ఆర్.ఎస్. ద్రావణముతోపాటు జింకు కూడ ఇయ్యవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2004లో సిఫారసు చేసినది. కాన పైరునకు జింకు అందించుట కేవలము దిగుబడి వ్యవహారము కాదు.

తిరుపతిలోని వ్యవసాయ శాస్త్రజ్ఞులు సుమారు 25 నానోమీటర్ల జింకు ఆక్సైడు రేణువులను వేరుశనగపై పరీక్షించి, ఫలితములను 2012లో ప్రకటించిరి. పదిలక్షల పాళ్లకు 1000 పాళ్లు, అనగా లీటరు నీటికి ఒక గ్రాము చొప్పున విత్తనమునకు అందించినపుడు మొలక బాగుగ వచ్చెను, మొక్క బలముగా నెదిగెను, పూత ముందుగా వచ్చెను, ఆకులో పత్రహరితము హెచ్చెను. పిదప 2008-09, 2009-10 రబీ కాలములలో చేనిలో ఆకులపై చల్లి చూచిరి. మామూలుగా వాడు చెలేటెడ్ జింకు సల్ఫేటు మోతాదులో పదునైదవ వంతు మాత్రమే వాడినను, దానికంటె కాయ దిగుబడి మొదటి యేట 29.5 శాతము, రెండవ యేట 26.3 శాతము అధికముగ వచ్చెను.

ఇంతవరకు శుభవార్తయే. అయితే అదే రేణువుల పాళ్లను 2000కు పెంచినపుడు మొక్క యెదుగుదలకు ఆటంకము కలిగెను. పోషించిన మోతాదునకును పీడించిన మోతాదునకును నడుమ దూరము రెండింతలు మాత్రమే! ఒక మూత పోయుమన్నచోట రెండు మూతలు పోయు అలవాటు మన చేలలో అరుదేమియు కాదు.

రైతు చల్లకయే ఈ రేణువులు పొలము చేరు మార్గము మరియొకటి కలదు. పట్టణపు మురుగునీటిలో కలిసిన రేణువులలో చాలభాగము శుద్ధి కేంద్రములలోని మడ్డిలో నిలిచిపోవును. ఆ మడ్డిని ఎరువుగా పొలములకు తోలుట అనేక దేశములలో కలదు. ఇట్టి రేణువుల వలన ఏమగునో తెలియుటకు కాలిఫోర్నియాలోని శాస్త్రజ్ఞులు జింకు ఆక్సైడు, సీరియము ఆక్సైడు రేణువులను మట్టిలో వేర్వేరుగా కలిపి సోయాచిక్కుడు పెంచి, 2012లో ఫలితములను వెల్లడించిరి. జింకు మొక్కను కుంగదీయలేదుగాని ఆకులలోను గింజలలోను ఎక్కువగా చేరెను. సీరియము వలన ఎదుగుదలయు దిగుబడియు తగ్గెను. సోయావేరులపై బుడిపెలుండును, వానిలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకిచ్చును. కిలో మట్టికి ఒక గ్రాము సీరియము ఆక్సైడు కలిపినచోట ఆ పని దాదాపు నిలిచిపోయెను. ఇది కుండీలలో ఎక్కువ మోతాదులతో జరిగిన పరీక్ష. సామాన్యముగా పొలములో అంత యుండదు. కాని కరగని రేణువు మట్టిని తేలికగా విడువదు, ఏటేట తోలిన మడ్డితో పేరుకొనుచుండును.

2013లో శాస్త్రజ్ఞులు అట్టి సోయామొక్కలను శక్తిమంతమైన ఎక్స్‌కిరణములతో శోధించిరి. జింకు గింజలో రేణువుగా కనబడలేదు. కరగి, మొక్కలోని సిట్రికామ్లము వంటివానితో కూడిన రూపముననుండెను. సీరియము మాత్రము చాలవరకు ఆక్సైడు రేణువుగనే కాయలోనికి చేరెను. జింకు దేహమునకు కావలసినదే. సీరియముతో మన దేహమునకు పని యున్నట్లు కనుగొనబడలేదు. ఇట్లు గింజలోపల చేరినది కడిగినను పోదు. అందుచేత “నానో మంచిదా, చెడ్డదా” అను ప్రశ్నయే సరియైనది కాదు. ఏ పదార్థము, ఏ పైరునకు, ఎంత అని అడుగవలెను.

లెక్క చూచుకొనవలసిన సందర్భము మరియొకటి. మన దేశములో 2021లో ద్రవరూపమున నానో యూరియా అమ్మకమునకు వచ్చినది. అరలీటరు సీసా ఒక యూరియా బస్తాకు బదులు నిలుచునని ప్రచారము జరిగెను. 45 కిలోల బస్తాలో నత్రజని 20 కిలోలకు పైగా నుండును. 4 శాతము నత్రజనిగల ఆనాటి సీసాలోనున్నది 20 గ్రాములు. ఆకు ఎంత చక్కగా పీల్చుకొన్నను వెయ్యింతల తేడా పూడునా? లుధియానాలోని పంజాబు వ్యవసాయ విశ్వవిద్యాలయమువారు వరి, గోధుమలపై రెండేండ్లు పరీక్షించగా, పూర్తి మోతాదు మామూలు యూరియా వేసిన మళ్లకంటె దిగుబడియు, గింజలోని నత్రజనియు తగ్గెను. గింజలో నత్రజని తగ్గుటయనగా మాంసకృత్తులు తగ్గుటయే. పప్పు, పాలు అరుదైన ఇండ్లలో అన్నమునుండియు రొట్టెనుండియు వచ్చు మాంసకృత్తులే ముఖ్యము. అచ్చట ఈ నష్టము బస్తాల లెక్కకు అందనిది.

నానో ఎరువులను, ఆహారపదార్థములను ఎట్లు పరీక్షింపవలెనో తెలుపు మార్గదర్శక సూత్రములను భారత ప్రభుత్వము 2020 జూలైలో ప్రకటించినది.

తినువారికంటె ముందుగా ఈ రేణువులు తగులునది చల్లువారికి. పొడిరూపమున నున్నవి గాలితో ఊపిరితిత్తుల లోతునకు పోగలవు. ముక్కునకు చుట్టిన తువాలు వీనిని ఆపజాలదు. ఎన్-95 వంటి ముసుగు ధరింపవలెను. గాలికి ఎదురుగా చల్లరాదు. చేతులు సబ్బుతో కడుగకముందు బీడీ కాల్చుట, భోజనము చేయుట కూడదు. మోతాదును కొలపాత్రతోనే కొలువవలెను. ఖాళీ సీసాలలో నూనెగాని మంచినీరుగాని పోసి వాడరాదు.