పాత మారుతికి కొత్త సైలెన్సర్

మా మామయ్య దగ్గర 2004లో కొన్న మారుతి 800 కారు ఉంది. ఈ కార్ల తయారీ 2014లోనే ఆగిపోయింది. అయినా దాన్ని అమ్మెయ్యమంటే ఆయనకు ఎక్కడలేని కోపం వస్తుంది. పోయిన వేసవిలో దాని సైలెన్సర్ తుప్పు పట్టి చిల్లులు పడింది. కారు వీధి మలుపు తిరక్కముందే ఆయన వస్తున్నట్టు ఇంట్లో అందరికీ తెలిసిపోయేది.

"అసలుది ఎందుకు సార్? బజారులో సగం ధరకే లావుపాటి గొట్టం దొరుకుతుంది. బండి గుర్రంలా లాగుతుంది" అన్నాడు మెకానిక్. మామయ్య సరేనన్నాడు. ఆ తర్వాత జరిగింది చెప్పే ముందు, అసలు కారు ఎందుకు మోత మోగుతుందో చూద్దాం.

మారుతి 800లో మూడు సిలిండర్లు ఉంటాయి. ప్రతి సిలిండరులోనూ ఇంజను రెండు చుట్లు తిరిగితే ఒకసారి పెట్రోలు, గాలి మిశ్రమం మండుతుంది. ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతున్నదనుకోండి. ఒక్కొక్క సిలిండరులో 1500 మంటలు, మూడింటిలో కలిసి 4500. అంటే సెకనుకు 75! మండిన వాయువు బయటికి పోయే కవాటం తెరుచుకునే వేళకు లోపలి పీడనం ఇంకా బయటి గాలి పీడనానికి ఎన్నో రెట్లు ఉంటుంది. బుడగ పగిలితే 'టప్' మంటుంది గదా, అలాంటి బుడగలు సెకనుకు 75 పగిలినట్టన్నమాట.

ఈ మోతను అణచడానికే సైలెన్సర్. పైకి డబ్బాలా కనిపించే దాని లోపల అడ్డగోడలు, గదులు, కన్నాలు పొడిచిన గొట్టాలు ఉంటాయి. సన్నని గొట్టంలో వస్తున్న ధ్వని తరంగం హఠాత్తుగా విశాలమైన గదిలోకి అడుగుపెడితే అందులో కొంత భాగం వెనక్కి తిరుగుతుంది. తిరిగి వచ్చేది ఎదురు వచ్చే దానితో కలిసినప్పుడు ఒకదాని శృంగం మరొకదాని ద్రోణి మీద పడితే రెండూ చాలావరకు రద్దయిపోతాయి. వాయువుకు మాత్రం దారి ఉంటుంది. ధ్వనిని ఆపి వాయువును పోనివ్వడం, అదీ దాని నేర్పు.

మరి ఇంత గట్టి ఇనుప డబ్బా ఎందుకు చిల్లులు పడింది? వాన నీరని మామయ్య అనుకున్నాడు. అసలు నీరు లోపలే పుడుతుంది! పెట్రోలులో హైడ్రోజన్ ఉంది. అది మండితే నీటి ఆవిరి వస్తుంది. పెట్రోలును ఆక్టేన్ అనుకుని లెక్క వేయండి: 114 గ్రాముల ఆక్టేన్ మండితే 162 గ్రాముల నీరు. లీటరు పెట్రోలు బరువు సుమారు 740 గ్రాములు కాబట్టి, లీటరు పెట్రోలు కాలిస్తే ఇంచుమించు లీటరు నీరు పుడుతుందన్నమాట! దూర ప్రయాణంలో గొట్టం వేడెక్కి ఈ ఆవిరంతా బయటికి పోతుంది. మామయ్య కారు రోజూ ఇంటినుంచి మార్కెట్టు దాకానే వెళుతుంది. గొట్టం వేడెక్కే లోపే ఇంజను ఆగుతుంది. ఆవిరి డబ్బాలోనే నీరై నిలిచి దాన్ని లోపలినుంచి తినేస్తుంది.

ఇక బిగింపు. తుప్పు పట్టిన నట్లు ఊడలేదు. వాటికి నూనె పట్టించి రాత్రంతా వదిలేయవలసి వచ్చింది. కొత్త గొట్టాన్ని కారు అడుగుకు రబ్బరు చుట్లతో వేలాడదీశారు. గట్టిగా బోల్టులే వేయవచ్చు గదా అని నేను అడిగాను. కూడదు. ఇంజను ఊగినప్పుడల్లా గొట్టం ఊగాలి. పైగా ఉక్కు గొట్టం వేడికి సాగుతుంది. రెండున్నర మీటర్ల గొట్టం 300 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 9 మిల్లీమీటర్లు పెరుగుతుంది. రబ్బరు ఆ సాగుడుకు చోటిస్తుంది. బోల్టులైతే ఎక్కడో ఒకచోట పగులుతుంది.

కారు నిజంగా గుర్రంలా లాగిందా? లేదు. ఈ ఇంజను ఘనపరిమాణం 796 ఘన సెంటీమీటర్లే. 3000 చుట్ల వద్ద అది సెకనుకు మహా అయితే 20 లీటర్ల మిశ్రమం పీలుస్తుంది. వేడికి వ్యాకోచించినా బయటికి వచ్చేది 45 లీటర్ల ప్రాంతం. అసలు గొట్టం దానికి ఇరుకేమీ కాదు. మోత మాత్రం పెరిగింది. మోత పెరిగితే బలం పెరిగిందని చెవి నమ్ముతుంది!

మూడో రోజున మామయ్య, నేను గుంటూరు బయలుదేరాము. మంగళగిరి దాటేసరికి నాకు తల బరువెక్కింది. "ఎండకేరా" అన్నాడు మామయ్య. కాసేపటికి ఆయనకూ కడుపులో తిప్పింది. కారు ఆపి, అద్దాలు దించి, చెట్టు కింద కూర్చున్న పావుగంటకు ఇద్దరమూ తేరుకున్నాము. తిరిగివచ్చేటప్పుడు అన్ని అద్దాలూ దించే వచ్చాము.

మర్నాడు కారును పైకెత్తి చూస్తే రెండు తప్పులు బయటపడ్డాయి. ముందు జోడింపులో పాత గాస్కెట్టునే తిరిగి వేశారు. అక్కడ నల్లటి మసి చార కనిపించింది. రెండవది, గొట్టం బంపరు దాకా రాకుండా డిక్కీ కిందనే ఆగిపోయింది. వేగంగా పోయే బస్సు వెనక అద్దానికి దుమ్ము అంటుకోవడం చూశారు గదా? పరుగెత్తే బండి వెనక పీడనం తగ్గి, అక్కడి గాలి సుళ్ళు తిరిగి బండివైపే వస్తుంది. పొగా అంతే. ముసలి కారు డిక్కీ రబ్బరు నెర్రెలిస్తే లోపలికే దారి.

ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు అది ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. ఊపిరి ఆడుతూనే ఉంటుంది, మెదడుకు ఆక్సిజన్ అందదు. మూసిన షెడ్డులో ఇంజను నడిపి ప్రాణాలు పోగొట్టుకున్నవారున్నారు. కారులోని కెటలిటిక్ కన్వర్టరు ఈ విషాన్ని చాలావరకు కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తుంది. ప్లాటినం, పల్లేడియం, రోడియం లోహాలు ఆ పని చేస్తాయి. అయితే మా కారులో కారుతున్న జోడింపు కన్వర్టరుకు ముందే ఉంది! వేడెక్కనిదే ఆ కన్వర్టరు కూడా పనిచేయదు. దాన్ని తీసేసి ఖాళీ గొట్టం వేస్తే ఇంకా మంచిదనే మెకానిక్కులు ఉన్నారు. అది పూర్తిగా చట్టవిరుద్ధం.

ఈసారి మామయ్య అసలు కొలతల గొట్టమే వేయించాడు. కొత్త గాస్కెట్టు పడింది. చివర బంపరు దాటి బయటికి వచ్చింది. పరీక్ష ఆరుబయటే చేశాము. చల్లగా ఉన్న ఇంజనును స్టార్టు చేసి మెకానిక్ జోడింపుల మీద సబ్బు నీళ్ళు పోశాడు. సైకిలు ట్యూబు పంక్చరును నీళ్ళలో ముంచి చూడడం లాంటిదే ఇది. ఒక్క బుడగ కూడా రాలేదు.

కాని సైలెన్సర్ అడుగున ఉన్న చిన్న రంధ్రం నుంచి నీటి చుక్కలు పడసాగాయి. "ఇదేమిటి, కొత్త దానికీ చిల్లేనా? వెల్డింగు పెట్టేయవయ్యా" అని మామయ్య కంగారుపడ్డాడు.

"అది కంపెనీ వాళ్ళు పెట్టిందే సార్" అన్నాడు మెకానిక్. "నీళ్ళు పోవాలి కదండీ!"