గొలుసుపట్టిక: నల్ పాయింటరు

తాళపత్ర ప్రతులను పరిష్కరించువారికి సుపరిచితమైన చిక్కొకటి కలదు. తుది పత్రమున ఆశ్వాసాంత గద్య కనబడనిచో, గ్రంథ మంతటితో ముగిసినదో, తరువాతి పత్రములు లుప్తమైనవో నిర్ణయింప వీలుండదు. సి భాషలో లింక్డ్ లిస్టును ప్రారంభించుటయందును చిక్కు సరిగా నిదియే. 1972 ప్రాంతమున బెల్ ప్రయోగశాలలలో డెన్నిస్ రిచీ రూపొందించిన ఈ భాషతో, పదసూచులు కూర్చు మన పరిశోధకులకును నేడు పని పడుచున్నది.

లింక్డ్ లిస్టు నిచట గొలుసుపట్టిక యనుచున్నాము. అర్రే యనునది పత్రసంఖ్యలు వేసిన ప్రతి వంటిది. నడుమ నొక పత్రమును చేర్పవలెనన్న తరువాతివాని నన్నిటిని జరుపవలెను. గొలుసుపట్టిక యట్లు గాదు. ఇందలి ప్రతి కణుపునందును ఒక పదమును, తరువాతి కణుపున్న చోటును తెలుపు పాయింటరును ఉండును. మొదటి కణుపు చిరునామా 'తల' యను పాయింటరునం దుండును.

ఫంక్షను లోపల 'తల'ను ప్రకటించినంత మాత్రమున అది శూన్యము కాదు; అందే విలువ యుండునో చెప్పరాదు. పట్టిక ఖాళీగా నున్నదని 'నల్' విలువ నిచ్చి మనమే చెప్పవలెను. మాలక్ వలన లభించిన కణుపునకును ఇదే న్యాయము. మాలక్ స్థలము నిచ్చును గాని తుడిచి యీయదు. స్థలము దొరకనిచో నల్‌నే యిచ్చును గనుక ముందది పరీక్షింపవలెను. పిమ్మట పదమును నింపి, కణుపులోని పాయింటరునకు నల్ వేసి, ఆపైననే తల నాకణుపువైపు త్రిప్పవలెను.

మైలవరమున మే మొక శతకమునకు పదసూచి కూర్చినపుడు ఈ యొక్క నల్‌ను మరచితిమి. పదములన్నియు వెలువడిన పిదప అర్థము లేని యక్షరములు కొన్ని వచ్చి ప్రోగ్రాము కూలిపోయెను. మరునా డదే ప్రోగ్రాము చక్కగా నడచెను! దోషము పోలేదు, ఆచోట యాదృచ్ఛికముగా సున్న యుండెను. ఇట్టి తప్పులు కనబడునపుడు కంటె కనబడనపుడే ప్రమాదకరములు.

కాలక్ వాడిన చాలునని కొందరందురు. అది బిట్ల నన్నిటిని సున్న చేయుట నిజమే కాని, అట్టిది నల్ పాయింటరే యగునని సి ప్రమాణము హామీ యీయదు. నేటి యంత్రములలో సాధారణముగా నట్లే జరుగుచున్నను, స్పష్టముగా వ్రాయుటయే మేలని మా యభిప్రాయము.

మరియొక జాగ్రత్త. ప్రారంభించు పనిని వేరొక ఫంక్షనున కప్పగించినచో దానికి చేరునది 'తల' యొక్క నకలు మాత్రమే. నకలును దిద్దిన మూలము మారదు గదా! కావున 'తల' యొక్క చిరునామానే పంపవలెను. లేదా క్రొత్త తలను ఆ ఫంక్షనునుండి తిరిగి గ్రహింపవలెను.