రోజూ నడిపే ఆఫ్‌రోడ్ బండికి ఎలాంటి సస్పెన్షన్?

సస్పెన్షన్‌లో స్ప్రింగు బండి బరువును మోస్తుంది, షాకబ్సార్బర్ ఆ స్ప్రింగు ఊగిసలాటను ఆపుతుంది. ఒకటి మార్చి రెండోదాన్ని వదిలేస్తే బండి తీరు చెడుతుంది. గట్టి స్ప్రింగుకు మెత్తని షాకబ్సార్బర్ జత చేస్తే గుంత దాటాక కూడా బండి ఊగుతూనే ఉంటుంది. అందుకే ఈ రెండింటినీ జతగానే ఎంచుకోవాలి.

2022లో భారత మార్కెట్‌లోకి వచ్చిన టొయోటా హైలక్స్, స్ప్రింగు బరువుకు తగ్గట్టు ఎందుకు ఉండాలో చూపే మంచి ఉదాహరణ. దాని ముందు చక్రాలు కాయిల్ స్ప్రింగుల మీద దేనికది విడిగా కదులుతాయి. వెనక చక్రాలను ఒకే గట్టి యాక్సిల్ కలుపుతుంది, బండి వెనక భాగం బరువు కమాన్ కట్టల మీద ఉంటుంది. సామాను మోయడానికి చేసిన కమాన్లు కాబట్టి వెనక ఖాళీగా ఉన్నప్పుడు స్పీడ్ బ్రేకర్ దగ్గర బండి ఎగిరి పడుతుంది. లోపం అనిపించినా అది బరువు లేకపోవడం వల్ల వచ్చేదే.

కాబట్టి ముందు తేల్చుకోవలసింది బండి మీద రోజూ ఎంత బరువు ఉంటుందన్నది. ఇనుప బంపరు, వించి, వెనక కప్పు, పైన టెంటు లాంటివి బిగించాక వేబ్రిడ్జి మీద ముందు, వెనక యాక్సిళ్ల బరువు విడివిడిగా తూయించాలి. మంచి తయారీదారులు స్ప్రింగులను బరువు శ్రేణుల వారీగా అమ్ముతారు. ఎప్పుడూ 300 కిలోలు మోసే బండికని చేసిన కమాన్లను ఖాళీ బండికి వేస్తే, గతుకుల్లో టైరు నేలను వదిలి ఎగురుతుంది. అప్పుడు కుదుపుతో పాటు బ్రేకు పట్టు కూడా తగ్గుతుంది. ఏడాదికి రెండు ప్రయాణాల కోసం మిగతా రోజులన్నీ ఆ బాధ పడనక్కర్లేదు.

షాకబ్సార్బర్ కదలికను వేడిగా మారుస్తుంది. గతుకుల దారిలో చాలాసేపు నడిస్తే లోపలి నూనె వేడెక్కి పలచబడుతుంది, నురగ కడుతుంది, పట్టు సడలుతుంది. నైట్రోజన్ నింపిన రకాల్లో ఈ నురగ తక్కువ. ఒకే గొట్టం ఉండే మోనోట్యూబ్ రకం వేడిని త్వరగా వదులుతుంది, కానీ గొట్టానికి సొట్ట పడితే పిస్టన్ పట్టేస్తుంది. రెండు గొట్టాల రకం దెబ్బలకు ఓర్చుకుంటుంది, ధర కూడా తక్కువే. విడిగా నూనె డబ్బా ఉండే ఖరీదైన రకం ఎడారి పరుగులకు కావాలి గానీ, ఆఫీసుకు వెళ్లే బండికి అవసరం లేదు. పాతదాని రాడ్డు దగ్గర నూనె తడికి దుమ్ము ముద్దలా అంటుకుని ఉంటే సీలు పోయినట్టే, దాన్ని మార్చాలి.

బండి ఎత్తు పెంచే విషయంలో తొందర వద్దు. ఇలాంటి బండికి 40 నుంచి 50 మిల్లీమీటర్లు సాధారణంగా సరిపోతాయి. అంతకు మించితే ముందు యాక్సిల్ జాయింట్లు వంకర కోణంలో తిరిగి త్వరగా అరుగుతాయి. స్టీరింగ్ నిలకడ తగ్గుతుంది, మలుపుల్లో ఒరుగు పెరుగుతుంది. చౌకగా దొరికే స్పేసర్లు బండిని పైకి లేపుతాయే గానీ స్ప్రింగు గుణాన్ని మార్చవు. ఇంకో సంగతి: స్ప్రింగు మార్చితే ఛాసిస్ లేస్తుంది, వెనక యాక్సిల్ గుండు మాత్రం నేలకు అంతే దూరంలో ఉంటుంది. రాయి తగిలేది తరచు అక్కడే. దాన్ని పైకి లేపగలిగేది పెద్ద టైరు మాత్రమే.

బిగించాక వీల్ అలైన్‌మెంట్ చేయించాలి, హెడ్‌లైట్ల కోణం సరిచేయాలి, చక్రం పూర్తిగా కిందికి వేలాడినప్పుడు బ్రేకు గొట్టాలు బిగుసుకోవడం లేదని చూడాలి. కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత బోల్టులు మళ్లీ బిగించాలి. చట్టం కూడా చూసుకోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అందువల్ల పని మొదలుపెట్టక ముందే ఆర్టీఓ కార్యాలయంలోనూ బీమా సంస్థలోనూ అడిగి తెలుసుకోవాలి.

డబ్బు పరిమితమైతే అరిగిన బుష్‌లూ షాకబ్సార్బర్లూ ముందు, బరువుకు తగిన స్ప్రింగులు తర్వాత, ఎత్తు అన్నిటికన్నా చివర.