పాత అప్పు, క్రొత్త ఇల్లు: అపోహలు – వాస్తవములు

ఉన్న అప్పు పూర్తిగా తీరనిదే బ్యాంకు గృహఋణ మీయదను నమ్మకము మన మధ్యతరగతి కుటుంబములలో ఎంతగా నాటుకొని యున్నదనగా, ఉద్యోగము స్థిరపడి, కారు వాయిదాలు క్రమము తప్పక కట్టుచు, అద్దె యింటిలో విసిగియున్న గృహస్థుడు సైతము దరఖాస్తు మాట తలపెట్టక, ఏండ్లకొలది వేచియుండుటయే వివేకమని తలచుచున్నాడు. ఇది అపోహ. బ్యాంకు విచారించునది అప్పు కలదా లేదా యని కాదు; చేతికందు జీతములో వాయిదాలకు పోవునదెంత, సంసారమునకు మిగులునదెంత యని. అన్ని వాయిదాలును కలిపి జీతములో నూటికి 40 మొదలు 50 వంతులు మించరాదని బ్యాంకులు సాధారణముగా హద్దు పెట్టుకొనును.

నెలకు 80,000 రూపాయలు చేతికి వచ్చు నుద్యోగికి అందు సగము వాయిదాలకు చెల్లుననుకొందము. నూటికి 8.5 వడ్డీతో 20 ఏండ్ల గడువునకు లక్షకు నెలవాయిదా సుమారు 868 రూపాయలు గనుక, ఏ అప్పును లేనిచో అతనికి 46 లక్షలు పుట్టును. కారుకు 12,000 కట్టుచున్నచో 32 లక్షలే పుట్టును. కారు బాకీ ఇక లక్షన్నరయే మిగిలియున్నను లెక్క దాదాపుగా ఇంతే. అనగా ఆ లక్షన్నర ముందుగా తీర్చినవానికి అర్హత 14 లక్షల మేర పెరుగును! అసలు పెద్దదైన అప్పుకంటె వాయిదా పెద్దదైన అప్పును ముందు తీర్చుట మేలను ఈ సంగతి, పెండ్లిపందిళ్లలో సలహాలిచ్చు బంధువులకు పట్టదు.

చేతిసొమ్మునకు చాలనిది పర్సనల్ లోనుతో పూడ్చుకొనవచ్చుననునది ఇంతకంటె ప్రమాదకరమైన భ్రమ. రిజర్వుబ్యాంకు నిబంధనల ప్రకారము 30 లక్షల వరకు ఋణమునకు ఇంటి విలువలో నూటికి 90 వంతులు, 75 లక్షల వరకు 80, ఆపైన 75 వంతులు మించి ఈయరాదు. స్టాంపు, రిజిస్ట్రేషను ఖర్చులు సాధారణముగా ఆ విలువలో చేరవు. ఆ లోటునకై 14 వంతుల వడ్డీకి, అయిదేండ్ల గడువునకు 5 లక్షలు తెచ్చినచో, నెలకు 11,600 పైచిలుకు వాయిదా పడి, గృహఋణార్హత 13 లక్షలు తరుగును. నోటు వ్రాసి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు బ్యాంకు కంటబడకపోవచ్చును. ఏటికి 24 వంతుల ఆ వడ్డీ మాత్రము ఇంటివారి నెత్తినే పడును.

క్రెడిట్ కార్డు బాకీని బేరమాడి, తగ్గించి కట్టినంతమాత్రమున పీడ వదలినదని సంతోషించువారు కలరు. సిబిల్ నివేదికలో అట్టి ఖాతా ‘క్లోజ్డ్’ అని గాక ‘సెటిల్డ్’ అని నమోదగును. అది చూచిన బ్యాంకు సందేహించుట సహజము. స్నేహితునికి హామీ సంతకము పెట్టుటయు వట్టి మర్యాద కాదు: 1872 నాటి కాంట్రాక్టు చట్టము 128వ సెక్షను ప్రకారము, ఒప్పందము వేరుగా లేనిచో, హామీదారుని బాధ్యత ఋణగ్రస్తుని బాధ్యతతో సమానము.

తన నివేదికను తానే చూచుకొన్నచో స్కోరు తగ్గుననుట వట్టి భయము. ఏటికొకమారు ప్రతి ఋణసమాచార సంస్థయు పూర్తి నివేదికను ఉచితముగా ఈయవలయును. కావున ఇంటికి బయానా ఇచ్చుటకు ముందే ఆ నివేదిక తెప్పించుకొని, తీరిన అప్పులు తీరినట్లే నమోదైనవో లేదో సరిచూచుకొనుడు.